పత్తికట్టెల డైనోసార్

మా పాప బడిలో పిల్లలు మట్టి తవ్వి ప్లాస్టిక్ డైనోసార్ ఎముకలు తీస్తున్నారు. తడిసిన నల్లరేగడి వాసన తగలగానే నాకు సిగ్గు ముంచుకొచ్చింది.

మా ఊరి బాలబడిలో మేరీ టీచరమ్మ కూడా అలాగే మట్టిలో ఎముకలు దాచి మాచేత తవ్వించేది. అవి ఆమె శుభ్రంగా కడిగి ఎండబెట్టిన మేక ఎముకలు. నేనేమో మా పత్తిచేల కింద నిజంగానే డైనోసార్ ఉందని నమ్మి, ఒకటి జేబులో వేసుకుని ఇంటికి పరిగెత్తాను.

"నాయనమ్మా, డైనోసార్ దొరికింది!"

"ఛీ, పారెయ్‌రా! గూడెంలో తిని పారేసిన ఎముక ముట్టుకుంటావా?"

మా ఇంట్లోనూ ఆదివారం వండేది మేకమాంసమే. అయినా గుమ్మంలోనే నాకు పసుపునీళ్లు పోసింది. మర్నాడు బడికొచ్చి ఆ ఎముకను టీచరమ్మ కాళ్ల ముందు విసిరి, పిల్లలందరి ఎదుటా తిట్టింది. టీచరమ్మ తల వంచుకుంటే, డైనోసార్ విరిగిందేమోనని చూస్తోందనుకున్నాను.

తర్వాత ఆమె పత్తికట్టెలను దారంతో కట్టి కొత్త డైనోసార్ చేయించింది. దూరంగా నిలబడ్డ నన్ను నవ్వుతూ పిలిచింది.

"రా నాన్నా, ఇవి మీ చేలో కట్టెలే. ముట్టుకోవచ్చు. నాయనమ్మ ఏమీ అనదులే."

అంటరానితనం మీద ఎన్ని సభల్లో గొంతు చించుకున్నానో! ఆ పిలుపు సంగతి మాత్రం ఇంతవరకూ ఏ సభలోనూ చెప్పలేదు.