తిట్టి కూర్చోబెట్టే మేయరు

ధనశేఖర్ గారికి మామూలుగా మాట్లాడడం రాదు. ఏం చెప్పినా తిట్టే చెబుతారు. పొద్దున్నే ఎదురైతే "వచ్చినావా? రాకపోతే ఎవురు ఏడ్చినారు?" అంటారు. అది ఆయన నమస్కారం. మనం దగ్గితే "మందు తాగితే నోరు అరిగిపోతాదా?" అంటారు. అది పరామర్శ. "నీకు బుద్ధుండాదా?" అన్న మాట మాత్రం మంచికీ చెడ్డకీ అన్నిటికీ ముందు వస్తుంది. ఆయన వేలూరు మేయరు కాకముందు నుంచీ ఆ తిట్లు తింటున్నదాన్ని కాబట్టి చెబుతున్నాను.

ఆయన తల్లి రాజాంబాళ్ వేలూరు దగ్గర గుడియాత్తంలో లుంగీలు నేస్తుంది. "అందరు బిడ్డలూ పుట్టంగానే ఏడుస్తారు. వీడు మంత్రసానిని తిట్టినాడు" అంటుంది.

వేలూరులో ఒక నాలుగంతస్తుల బట్టల అంగడికి ఆయన జనరల్ మేనేజరు. నేను పట్టుచీరల కౌంటర్లో ఉండేదాన్ని. యజమాని బలరామయ్యది ఒకటే నియమం: అమ్మేవాళ్లు కూర్చోకూడదు. అంగట్లో ఈగలు తోలుకుంటున్నా సరే, నిలబడే తోలాలి. ఆయన మాత్రం తన గదిలో మెత్తటి కుర్చీలో కూర్చొని, కెమెరా తెర మీద మమ్మల్ని కనిపెడుతుండేవాడు. సాయంత్రానికి మా కాళ్లు వాచి చెప్పులు పట్టేవి కావు.

ఎవరైనా అలసి గోడకు ఆనుకుంటే చాలు, ధనశేఖర్ గారు మీద పడేవారు. నేను ఆనుకుంటే ఇలా:

"లోకేశ్వరీ! నీకు బుద్ధుండాదా? చీర ఇట్లా మడిచేది? పో, గోడౌనుకు పో! లుంగీ కట్టలన్నీ సర్దేదాకా రావద్దు!"

తెర ముందు బలరామయ్య మురిసిపోయేవాడు. "మేనేజరంటే ఈయప్ప!"

ఒకరోజు బలరామయ్య ఏదో వెతుక్కుంటూ గోడౌనులోకి వచ్చాడు. అక్కడ కెమెరా లేదు, ఫ్యాను ఉంది. తిట్లు తిన్నవాళ్లమంతా కట్టల మీద కాళ్లు బారజాపుకొని టీ తాగుతున్నాం.

"ధనశేఖరా! ఏందిది?"

"శిక్ష సార్" అన్నారు ధనశేఖర్ గారు.

ఆ రోజే ఆయన ఉద్యోగం పోయింది. మావీ పోయాయి.

ఆయన కోపంగా గుడియాత్తం బస్సెక్కారు. ఇంట్లో తిట్టడానికి తల్లి తప్ప ఎవరూ లేరు. ఆవిడ కొన్నాళ్లు ఓర్చుకొని, మగ్గం ఆపింది. "నాయనా, నీ అరుపులకు నూలు తెగిపోతా ఉండాది. అంత కోపముంటే ఊరి మీద చూపించు. పోయి ఎలక్షన్లో నిలబడు."

వేలూరుకు తిరిగొచ్చి కార్పొరేషన్ వార్డుకు నిలబడ్డారు. ప్రచారానికి మేమే వెంట తిరిగాం. ఓటర్లకు చేతులు జోడించమంటే వేలు చూపించారు. "కాలవలో చెత్త పోసింది ఎవురు? మీరే గదా? సిగ్గుండాదా? నాకు ఓటెయ్యండి!"

ధనమ్మ అనే ముసలావిడ మురిసిపోయింది. "మా ఇంటాయన పోయినాక ఇంత చనువుగా తిట్టినోళ్లే లేరమ్మా. నా ఓటు ఈయప్పకే."

వార్డు గెలిచారు. మేయరును ఎన్నుకోవాల్సిన కౌన్సిలర్లు రెండు జట్లుగా సరిసమానంగా చీలారు. ఒకరి మనిషి ఇంకొకరికి పడడు. ఇద్దరికీ సమానంగా పడనివాడు ఈయనొక్కరే దొరికారు. మేయరయ్యారు. నన్ను సహాయకురాలిగా పెట్టుకున్నారు, తిట్టి.

వచ్చీ రాగానే హుకుం వేశారు: కౌంటర్ల వెనక స్టూళ్లు వేయని అంగడికి లైసెన్సు లేదు. వర్తకులు భగ్గుమన్నారు. బలరామయ్యను ముందు పెట్టుకొని మేయరు గదికి దండెత్తి వచ్చారు.

అవి బడులు తెరిచే రోజులు. జనన పత్రాల కోసం ఆఫీసు కింది అంతస్తులో జనం ఎక్కువై బెంచీలు చాలలేదు. పసిబిడ్డనెత్తుకొని నిలబడిన ఒక తల్లిని చూసి పొద్దున్నే మేయరు గారు ఆమె మీదా, బంట్రోతు మోహన్ మీదా మండిపడ్డారు. "బిడ్డతో నిలబడినావే, నీకు బుద్ధుండాదా? మోహనా, నా గదిలో కుర్చీలన్నీ కిందికి దించు!" అలా వర్తకులు వచ్చేసరికి గదిలో మిగిలింది ఆయన కూర్చున్న కుర్చీ ఒక్కటే.

"అమ్మేవాళ్లు కూర్చుంటే యాపారం కూర్చుంటాదప్పా!" అన్నాడు బలరామయ్య.

"దినమంతా నిలబెట్టేదానికి వాళ్లు మనుషులా, గుంజలా? నువ్వొక్క పూట నిలబడినావా ఎప్పుడైనా?" ఆయన అరుపుకు కిటికీ అద్దాలు అదిరాయి. ఇంత నిజమైన కోపం నేనెప్పుడూ చూడలేదు.

బలరామయ్య జవాబివ్వబోయి ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదకు ఒరిగాడు. మళ్లీ ఒరిగాడు. మేయరు గారు అది చూశారు. గభాల్న లేచి, తన కుర్చీని ఆయన వెనక్కి తోశారు.

"కూర్చో! నీకు బుద్ధుండాదా? మోకాలి నొప్పి పెట్టుకొని ఇన్ని మెట్లు ఎక్కుతావా? కబురు చేసింటే నేనే మీ అంగడికొచ్చి తిట్టి పోయేవాణ్ని గదా!"

బలరామయ్య కూలబడ్డాడు. "అబ్బా..." అన్నాడు కళ్లు మూసుకొని. చెప్పాలనుకున్నదంతా మరిచిపోయినట్టున్నాడు. కాసేపటికి కళ్లు తెరిచి, చుట్టూ నిలబడి కాళ్లు మార్చుకుంటున్న వర్తకులను చూశాడు.

"ఏందప్పా చూస్తా ఉండారు?" అన్నాడు నీరసంగా. "పోయి స్టూళ్లు కొనండి."

మేయరు గారు నా వైపు తిరిగి గర్జించారు. "గుడ్లప్పగించి చూస్తావేం? ఈయప్పకు మజ్జిగ తెప్పించు! ఐసు వెయ్యొద్దను, జలుబు చేస్తాది!"