మరిడమ్మకి చేరని చద్ది

దాలమ్మ తిరువెన్న ఎస్టేటులోనే పుట్టింది. పేరు విని ఏదో పుణ్యక్షేత్రం అనుకునేరు, అదేమీ కాదు. ఓడెక్కి పోవాల్సిన పేరాక్ రాష్ట్రంలో, సుంగై సిపుట్ అనే ఊరి నుంచి ఎర్రమట్టి దారి పట్టుకుని లోపలికి పోతే వచ్చే రబ్బరు తోట అది. అసలు పేరు ట్రెవెన్నా. అడవి కొట్టించి తోట వేసిన మొదటి దొరది ఇంగ్లండులో కార్న్‌వాల్ అనే మూలనున్న ఓ పల్లెటూరు. ఆ ఊరి పేరే తెచ్చి తోటకి పెట్టుకున్నాడు. అరవవాళ్ల నోట పడి అది తిరువెన్న అయింది, మనవాళ్లూ అదే ఖాయం చేశారు. నోరు తిరగని పేరు ఎవడు మోస్తాడు చెప్పండి?

దొర ఊరి పేరు తెచ్చుకుంటే మనవాళ్లు ఊరినే తెచ్చుకున్నారు. పాలకొండ, చీపురుపల్లి వైపు నుంచి ఓడెక్కి వచ్చిన కుటుంబాలవి. నది ఒడ్డున రెండు వరసల ఇళ్లు, దాన్నే తెలుగు లైను అనేవారు. పెళ్లికి తొలి పసుపు ఎవరు దంచాలో, చావుకి ముందుగా ఎవరు భుజం పట్టాలో, తగువు ఎవరి అరుగు మీద తీర్చాలో అన్నీ అక్కడి కట్టుబాట్లే ఇక్కడా. చివరికి నదివార ఓ రాయి నిలబెట్టి, పసుపు రాసి, మరిడమ్మని కూడా దింపేశారు. వాంతులూ భేదులూ పిల్లల జోలికి రాకుండా చూసే తల్లి ఆమె.

ఏటా ఆషాఢంలో ఓ మంగళవారం ఆ తల్లికి చద్ది పెట్టేవారు. ఇంటికో గుప్పెడు బియ్యం చొప్పున పోగుచేసి వండి, పెరుగు కలిపి, ఉల్లిపాయలూ ఎండు రొయ్యలూ వేసి, పసుపు రాసిన కుండలో పెట్టి వేపరొట్ట కప్పేవారు. అదే ఘటం. ఎత్తే హక్కు దాలమ్మ ఇంటిది. ముందు వాళ్లమ్మ ఎత్తింది, ఆ తరవాత దాలమ్మ. ఇంట్లో ఆడదానికి అడ్డొస్తే మొగుడు ఎత్తాలి. తలకెత్తుకున్న క్షణం నుంచి తల్లి ముందు దించేదాకా నోరు విప్పకూడదు, ఎవరు పిలిచినా పలకకూడదు, అదీ నియమం. మాట బయటికొస్తే తల్లికి పెట్టాల్సిన చద్ది దారిలో ఎంగిలైపోయినట్టే. వాళ్లమ్మ ఓసారి కాల్లో గాజుపెంకు దిగి రక్తం కారుతున్నా కిక్కురుమనకుండా నడిచిందని లైనులో గొప్పగా చెప్పుకునేవారు.

దాలమ్మ మొగుడు పైడిరాజు. పాలుతాగే వయసులో తల్లి చంకనెక్కి ఓడ దిగినవాడు. రబ్బరు పాల కోసం చెట్టు గీసినంతసేపూ పక్క వరసవాళ్లని నవ్విస్తూనే ఉండేవాడు. దొరని చూసినా వాగుడు ఆపేవాడు కాడు, ఆ దొరా పగలబడి నవ్వేవాడు.

ఈ దొర పెన్‌రోజ్, మొదటి దొర మేనల్లుడు. పొద్దున చెట్లు గీసి, మధ్యాహ్నం బంగళాలో తుడుపూ కడుగుడూ చేసేది దాలమ్మ. ఆ గోడ మీద దొర ఊరి పటం ఉండేది. రాతి ఇళ్లు, చిన్న చర్చి, ఓ నుయ్యి. ఆ నూతి పక్క చెట్టుకి గుడ్డపీలికలు కట్టి ఉన్నాయి. ఇదేమిటని అడిగితే, దొర తనకొచ్చిన అరవంలో చెప్పాడు. ఒంట్లో బాగులేనివాళ్లు ఆ నూతి నీళ్లలో గుడ్డ ముంచి, మొక్కుకుని, చెట్టుకి కడతారట. తగరం గనులు మూతపడి సగం ఊరు పొట్ట చేతపట్టుకుని దేశాలకి పోయిందట, వాళ్ల తాత అలాగే ఈ పేరాక్ రాష్ట్రానికి వచ్చి తగరం తవ్వాడట.

“ఓలమ్మ! ఆలకీ అమ్మోరుందే,” అని ఆ సాయంత్రం మొగుడికి చెప్పింది.

“ఉండదేటే మరి? దొరలకి కడుపునొప్పి రాదనుకున్నావేటి లా?” అన్నాడు పైడిరాజు, అక్కడివాళ్ల అలవాటుగా మాట చివర “లా” తగిలించి.

ఆ మీదట ఎమర్జెన్సీ వచ్చింది, అంటే అడవిలో దాగిన కమ్యూనిస్టుల మీద తెల్ల సర్కారు యుద్ధం. సుంగై సిపుట్ దగ్గర దొరల్ని కాల్చి చంపారని తెలిసిన రోజు నుంచీ అడవి వైపు చూడాలంటేనే జనానికి భయం. అడవిలోని కమ్యూనిస్టులకి తిండి అందకూడదని సర్కారు నది ఒడ్డు లైనుని కూల్చేసి, అందరినీ రోడ్డు వార కొత్త ఇళ్లలోకి తోలింది. చుట్టూ ముళ్లకంచె, ఒకటే గేటు, గేటు దగ్గర తుపాకులు. చెట్లు గీయడానికి పోయేవాళ్లు మధ్యాహ్నానికి ఓ ముద్ద అన్నం కూడా పట్టుకుపోకూడదు. ఆడవాళ్ల కొంగులు సైతం విప్పి చూసేవారు. కడుపు మాడ్చుకుని పనిచేసి, ఇంటికొచ్చి తినాలి. ఎవడి యుద్ధమో, మాడింది మాత్రం మనవాళ్ల పేగులు.

మనుషులు కంచె లోపలికొచ్చారు, మరిడమ్మ రాయి కంచె బయటే ఉండిపోయింది. తీసుకొద్దామంటే పీట కదపడానికి వీల్లేదన్నారు పెద్దలు. మొదటి ఏడు చద్ది లేదు. రెండో ఏడు కంచె లోపల వాంతులు, భేదులు పట్టుకున్నాయి. ఉండేది కోళ్లగూడులాంటి ఇళ్లు, తాగేది ఒకే కొళాయి నీళ్లు, పట్టుకోక ఏం చేస్తాయి! కానీ పిల్లలు పోతుంటే కొళాయి ఎవరికి గుర్తొస్తుంది? పక్కింటి అచ్చమ్మ చంటిపిల్లని మట్టిచేసి వచ్చి దాలమ్మ గుమ్మంలో కూలబడింది.

“తల్లి ఆకలితో ఉంది దాలమ్మా. నా గుంట పోయింది. ఇంకెంతమందిని తింటాదో!”

ఆ సాయంత్రమే కంగాణి తిమ్మయ్య అరుగు మీద ఊరంతా చేరింది. కంగాణి అంటే కూలీలకి పెద్ద, దొరకీ కూలీలకీ మధ్య నోరు. దొరతో ఏ మాటైనా అతని ద్వారానే పోవాలి. దాలమ్మకి వరసకి చిన్నాన్న.

“ఇంటికో గుప్పెడు తియ్యండి. రేషను బియ్యమని సూడకండి,” అన్నాడు తిమ్మయ్య. “దాలమ్మా, నువ్వు బంగళాలో తిరుగుతావు గదా, దొర సెవిలో ఓ మాట ఎయ్యి.”

దాలమ్మ వేసింది. దొరకీ ఓ అమ్మోరుందన్న ధైర్యం ఆమెది. గుడ్డపీలికల నుయ్యి ఉన్న ఊరివాడికి చద్దికుండ అర్థం కాదా? అర్థమైంది కూడా. దొర అంతా విని తల ఊపాడు. “తీసుకెళ్లండి. గేటు దగ్గర నేను చెబుతాను,” అన్నాడు. అప్పటికే వరండా నిండా పెట్టెలు సర్ది ఉన్నాయి. ఆ వారమే ఆయన సెలవు మీద తన ఊరికి ప్రయాణం. చెబుతానన్న మాట ఆ పెట్టెల్లోనే ఎక్కడో పడిపోయింది. ఓడెక్కి వెళ్లిపోయాడు మహానుభావుడు, గేటు దగ్గర చెప్పలేదు, తన బదులు వచ్చిన చిన్నదొరకీ చెప్పలేదు. చెడ్డవాడు కాడు. చెడ్డవాడైతే అసలు ఒప్పుకునేవాడే కాదు, పీడా పోయేది!

మంగళవారం నాటికి దాలమ్మ బయట ఉంది. పెరటి పంచన కూచుని, దూరం నుంచే చెబుతూ పక్కవాళ్లచేత చద్ది కలిపించింది. ఘటం పైడిరాజు ఎత్తాలి.

“నువ్వా! నోరు మూసుకుని అంత దూరమా!” అని అందరూ నవ్వారు.

“నా నోరు ఊరి సొత్తేటి? మూస్తే మూస్తాను,” అని, వేపరొట్ట సర్దుకుని కుండ తలకెత్తుకున్నాడు. దాలమ్మ విన్న అతని సరదా మాట అదే ఆఖరు.

గేటు దగ్గర ఆపారు. కుండలో ఏమిటన్నారు. పలకలేదు. ఎవరికన్నారు. పలకలేదు. వేపరొట్ట తీసి చూస్తే ఊరంతటి అన్నం, ఎండు రొయ్యలతో సహా. కొత్తగా వచ్చిన కాపలావాళ్లకి మరిడమ్మ ఏం తెలుసు, మౌనం ఏం తెలుసు? అడవివాళ్లకి తిండి మోస్తున్నాడు, పేర్లు చెప్పమంటే చెప్పడం లేదు, ఇంతకంటే రుజువేం కావాలి! తుపాకీ మడమతో డొక్కలో పొడిచారు. కుండని రెండు చేతులా పట్టుకుని అలాగే నిలబడ్డాడు. వెనకాల తప్పెటతో వస్తున్నవాళ్లు తప్పెట అక్కడే పారేసి ఇళ్లలో దూరారు. కేకలు విని దాలమ్మ మైలా గియిలా చూడకుండా పరిగెత్తుకొచ్చింది.

“సెప్పీయ్ మావా! సెప్పీయ్! తల్లి ఏటీ అనుకోదు, నాను మొక్కుకుంటాను, నోరిప్పు!”

అతను ఆమె వైపు చూశాడు. తల అడ్డంగా ఊపాడు. మూడో దెబ్బకి ఘటం పడి పగిలిపోయింది. అప్పుడు నోరు విప్పాడు పాపం, దొర ఒప్పుకున్న సంగతితో సహా ఎంత చెప్పాలో అంతా చెప్పాడు. పట్టుబడ్డాక చెప్పే మాట ఎవడు వింటాడు?

వినేవాళ్లు ఉన్నారు, ఎందుకు లేరు! విచారణకొచ్చిన పోలీసు దొర లైనులో ప్రతి గుమ్మం దగ్గరా ఆగి అడిగాడు. ఈ బియ్యం మీరిచ్చారా? లేదండీ. ఈ పండగ మీకు తెలుసా? తెలీదండీ. అచ్చమ్మ తలుపే తీయలేదు. తిమ్మయ్య అయితే, “ఆడు వాగుడుకాయ దొరా, ఎవుళితో తిరుగుతాడో మాకేటి ఎరిక,” అన్నాడు. దాలమ్మ జుట్టు విరబోసుకుని ఇంటింటికీ తిరిగి కాళ్లు పట్టుకుంది. అందరూ తేలు కుట్టిన దొంగల్లా లోపలికి జారుకున్నారు. మొక్కు కోసం మూసిన నోరు అతనిది, భయంతో మూసిన నోళ్లు వీళ్లవి. థూ!

కొన్నాళ్లు జైలులో పెట్టి, చివరికి పైడిరాజుని దేశం నుంచి పంపేయాలని తేల్చారు. పుట్టింది సముద్రం అవతల కాబట్టి అక్కడికే పొమ్మన్నారు. అక్కడ అతనికి గోడ లేదు, నీడ లేదు, పలకరించే మనిషి లేడు. పెళ్లాం కూడా పోవచ్చు, కావాలంటే. పినాంగు రేవులో ఇనప కమ్ముల అవతల నిలబడి అతను వద్దన్నాడు.

“నువ్వొస్తే ఇద్దరం పోయినట్టేనే. ఇక్కడే ఉండు. దొర తిరిగొస్తాడు, నానే ఒప్పుకున్నానని ఓ మాటంటే సాలు, పిలిపిస్తారు. దొరని అడుగు.”

అందుకని ఉండిపోయింది. ఇప్పుడైనా తెలుసుకోండి, పిరికితనంతో కాదు, సుఖం మరిగీ కాదు, మొగుడు ఉండమంటే ఉంది. లైనులో ఆడవాళ్లు మాత్రం మొగుణ్ని ఒంటరిగా ఓడెక్కించిందని చెవులు కొరుక్కున్నారు.

దొర తిరిగొచ్చాడు. కానీ జైలుకెళ్లినవాడి పెళ్లాన్ని కాపలావాళ్లు బంగళా చాయలకి రానివ్వలేదు. పనికి తోటలోనే దూరపు డివిజనుకి మార్చారు. దొర ఇనప కారులో, ముందొక తుపాకీ, వెనకొక తుపాకీతో పోయేవాడు. ఓసారి అడ్డం పడబోతే కాపలావాళ్లు ఈడ్చి పారేశారు. ఇంక మిగిలింది తిమ్మయ్యే.

“సెప్పినావా సిన్నానా?”

“సెప్పినానే. సూద్దామన్నాడు.”

మళ్లీ ఏడూ అదే మాట. “అడిగినానే, రాస్తానన్నాడు. పైనుంచి రావాల గదా లా, బేగి అయ్యే పనేటి?” దాలమ్మ నమ్మింది. నమ్మక చచ్చేదా? పండక్కి కోడిని కోస్తే ఓ గిన్నెడు తిమ్మయ్య ఇంటికి పంపేది. అతని భార్య జబ్బు పడితే నెల్లాళ్లు చాకిరీ చేసింది. మద్రాసు రేవులో ఎవరో పైడిరాజుని మూటలు మోస్తుండగా చూశారని ఓ ప్రయాణికుడు చెప్పాడు. బక్కచిక్కిపోయాడట, మనుషులతో అట్టే మాట్లాడడట. ఆ మాట విన్న రోజు దాలమ్మ అన్నం ముట్టలేదు.

మెర్దెకా వచ్చింది, అంటే స్వాతంత్ర్యం. దేశం మనదైందన్నారు. లైనులో మామిడాకులు, కాగితం జెండాలు కట్టారు. పెన్‌రోజ్ దొర ఉద్యోగం చాలించి తన ఊరికి పోతున్నాడు. తూకం కొట్టు ముందు వీడ్కోలు. పాలకాయలూ జంతికలూ పంచారు, పిల్లలచేత పాట పాడించారు, కంగాణి తిమ్మయ్య కొత్త తలపాగా చుట్టి దొర పక్కనే నిలబడ్డాడు. కాపలాలు సడలాయి, ఆ రోజు ఎవరైనా దొరకి దండ వేయవచ్చు. దాలమ్మ కూడా వరసలో నిలబడింది. దొర ఓడెక్కితే ఇంక ఆ మాట చెప్పే నోరు ఈ భూమ్మీద ఉండదని ఆమెకి తెలుసు. రాత్రంతా కూడగట్టుకున్న అరవం మాటలు పెదాల మీదే ఉన్నాయి.

దండ వేసి, చేతులు జోడించి, “దొరా, నాను పైడిరాజు పెళ్లాన్ని,” అంది.

దొర ముఖం ఒక్కసారి వెలిగిపోయింది.

“పైడిరాజు! నవ్వించేవాడు! ఏడీ, నా కంట పడి చాలా కాలమైంది. ఈ రోజు కూడా రాలేదేం?”

దాలమ్మ ఆయన ముఖంలోకి చూసింది. దొర నటించడం లేదు. నిజంగానే అడుగుతున్నాడు. ఇన్నేళ్లూ ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు ఆయన చెవిన వేయలేదు. ఆమె తల తిప్పి తిమ్మయ్య వైపు చూసింది. తిమ్మయ్య ఆమెకీ దొరకీ మధ్యలోకి వచ్చేశాడు.

“బాగున్నాడు దొరా, బాగున్నాడు! పనికెళ్లినాడు.”

“నా సలాం చెప్పు,” అని దాలమ్మ భుజం తట్టి దొర కారెక్కాడు. వాద్యాలు మోగాయి, కారు తలుపు పడింది. ఆమె నోట్లోంచి మాట పెగిలేసరికి కారు మలుపు తిరిగిపోయింది. ఊరంతా నేల చూపులు చూస్తోంది. అచ్చమ్మ ముక్కు తుడుచుకుంది.

తిమ్మయ్య గొంతు తగ్గించి, “మరేటి సెయ్యమంటావే. పండగ పూట గదా...” అని నసిగాడు.

దాలమ్మ ఏడవలేదు. ఊరందరికీ వినబడేట్టు అడిగింది.

“పనికెళ్లినాడా సిన్నానా? ఐతే పొద్దుగూకేలోపు ఇంటికి రమ్మను. అన్నం వొండుతాను.”