ఆలస్యంగా లేచే సర్వర్

పాతపట్నంలో ఒక ప్రైవేటు డయాలసిస్ సెంటర్ ఉంది. అక్కడి కంప్యూటర్లు దేవేంద్ర చూసుకునేవాడు. సర్వర్లు నడిపే లినక్స్ నేర్చుకుని విశాఖలో ఉద్యోగం చేసుకుంటున్నవాడు, అక్క మొగుడు గోవిందరావుకి రెండు కిడ్నీలూ పోయాయని తెలిసి ఇటు వచ్చేశాడు. భారీ మనిషిని మంచం ఎక్కించి దింపడం అక్క ఒక్కదానివల్ల అయ్యేది కాదు.

ఆ ఎండాకాలం సెంటర్ సర్వర్ మొరాయించడం మొదలుపెట్టింది. పొద్దున్నే ఆన్ చేస్తే, రోగులంతా వచ్చి కూర్చున్నా లేచేది కాదు. ఎవరి రక్తపరీక్షలు ఎలా ఉన్నాయో, ఎవరి ఒంట్లోంచి ఎంత నీరు తియ్యాలో అంతా అందులోనే. అది లేస్తేగానీ నర్సు అనూరాధకి పని సాగదు.

“ఏట్రా, నాకంటే నీ సర్వరే పెద్ద రోగిష్టిలా ఉన్నాది,” అని నవ్వేవాడు గోవిందరావు.

దేవేంద్ర మొదట సాఫ్ట్‌వేర్‌నే అనుమానించాడు. బూట్ అయి లేచేటప్పుడు వెనక నడిచే ఏ సర్వీసు ఎంతసేపు తింటోందో చూసి, అక్కర్లేనివన్నీ ఆపేశాడు. కాస్త నయమనిపించి మళ్ళీ మొదటికొచ్చింది. అప్పుడు సర్వర్ తన తప్పులన్నీ రాసిపెట్టుకునే లాగ్ తెరిచాడు. డిస్క్ చదవలేకపోతున్నానని లినక్స్‌కి గుండెకాయలాంటి కెర్నెల్ మొత్తుకుంటోంది. ప్రాసెసర్ ఏ పనీ లేక, డిస్క్ ఇచ్చే జవాబు కోసం కూర్చుని ఉంది. బ్యాకప్ కూడా ఆ డిస్క్‌లోనే ఇంకో భాగంలో ఉంది.

వెంటనే మేనేజరు ధనరాజు దగ్గరికి వెళ్ళాడు.

“సార్, డిస్కు పోతన్నాది. ఒక్క పూట సర్వర్ ఆపితే కొత్తదాన్లోకి కాపీ తీసేస్తాను.”

“ఆ పూట పేషెంట్లని ఏటి సెయ్యమంటావు? ఆలస్యంగానైనా లేస్తన్నాది కదా. సూద్దాంలే.”

దేవేంద్ర గట్టిగా అడగలేకపోయాడు. సర్వర్ ఆగితే ఆ పూట డయాలసిస్ ఆగిపోయేవాళ్ళలో బావ కూడా ఉన్నాడు.

కరెంటు పోయి వచ్చిన ఒక పొద్దున, నల్లటి తెర మీద ఎమర్జెన్సీ మోడ్ అని పడి సర్వర్ అక్కడే నిలిచిపోయింది. హాలు నిండా జనం. ఇలాంటప్పుడు ముందు డిస్క్‌ని కాపీ తియ్యాలనీ, దాని మీద ఏ రిపేరూ చెయ్యకూడదనీ, చేస్తే ఉన్నది కూడా పోవచ్చనీ అతనికి తెలుసు. కానీ కాపీకి సాయంత్రం దాకా పడుతుంది. ధనరాజు వెనకే నిలబడి, “తొరగా కానీవోయ్,” అంటున్నాడు. దేవేంద్ర రిపేరు కమాండ్ కొట్టాడు. అది కొంతదూరం నడిచింది. ఆ తర్వాత డిస్క్ టక్‌టక్‌మంటూ కొట్టుకుని ఆగిపోయింది. మళ్ళీ తిరగలేదు.

అనూరాధ ఒక్కొక్కరినీ అడిగి, తనకి గుర్తున్నంత మేరకు మిషన్లు పెట్టింది. డిస్క్‌ని హైదరాబాదులో పోయిన డేటా తీసేవాళ్ళకి పంపిస్తే, లోపలంతా గీసుకుపోయింది, ఏమీ రాదని తిప్పి పంపారు.

కిడ్నీ మార్పిడి జాబితాలో గోవిందరావు పేరు రాయాలంటే ఇన్నేళ్ళ పరీక్షల వివరాలు విశాఖ డాక్టరుకి కావాలి. అవి లేవు గనక అన్నీ కొత్తగా మొదలుపెట్టించారు. అవి పూర్తయ్యేలోగా వానలొచ్చాయి, గోవిందరావు గుండె నీరసించింది. ఇక ఆపరేషన్ తట్టుకోలేడని డాక్టరు దేవేంద్రని పక్కకి పిలిచి చెప్పాడు.

“పాత రిపోర్టులుంటే ముందే అయిపోయేదా సార్?”

“చెప్పలేమండీ,” అన్నాడు డాక్టరు.

తిరుగు బస్సులో గోవిందరావు కిటికీ పక్కన కూర్చున్నాడు. “ఏటి సెప్పినాడ్రా డాక్టరు?” అని అడిగాడు.

“మళ్ళీ రమ్మన్నారు బావా.”

గోవిందరావు అతని మొహంలోకి చూసి, తల తిప్పుకున్నాడు.

“మీ అక్కకీ అలాగే సెప్పు,” అన్నాడు.