ఎడమ చంక కుట్టు

నిండు చూలాలైన మిషనమ్మ వంగి టేపు అందుకోబోతే, ఆమె జాకెట్టు ఎడమ చంక దగ్గర పర్రున చిరిగింది. కొలతలివ్వడానికి వచ్చిన హెడ్మిస్ట్రెస్ మర్యాదగా గోడ గడియారం చూసింది. వీధి మొత్తానికి బట్టలు కుట్టే మనిషికి ఇంతకంటే తలవంపులు ఉండవు.

"నా కటింగే తప్పండీ," అంది మిషనమ్మ.

ఆ సాయంత్రమే కుట్టు విప్పి వదులు చేసుకుంది. వారం తిరక్కుండా మళ్ళీ పట్టేసింది. మళ్ళీ విప్పింది. చంకలో గట్టిగా ఏదో తగులుతూనే ఉంది, కానీ కుట్టుపనివాళ్ళ బుద్ధే అంత: గుడ్డ సరిపోకపోతే తప్పు కత్తెరదే. నడుంనొప్పి సంగతి ఆడపడుచు తేల్చేసింది: "కడుపుతో ఉంటే నడుం లాగక ఏం చేస్తుంది? మేం కనలేదూ?"

ఆడపిల్ల పుట్టింది. పాలు పట్టడం నేర్పుతున్న నర్సు చెయ్యి చంక దగ్గర ఆగింది. పరీక్షలయ్యాక డాక్టరమ్మ కుర్చీ లాక్కుని కూర్చుంది. రొమ్ములో మొదలైన క్యాన్సర్ వెన్నెముకకీ కాలేయానికీ పాకింది. పూర్తిగా పోదు, మందులతో అదుపులో పెట్టాలి. ఆ మందులు వాడుతూ పాలివ్వకూడదు. ఎత్తుకోవచ్చు, ముద్దాడవచ్చు.

ఆ చివరి మాట ఆడపడుచు చెవికెక్కలేదు. ఇంటికి రాగానే రుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని పిల్ల ఉయ్యాలని గుమ్మం దాకా ఈడ్చింది. మిషనమ్మ తాగిన గ్లాసుని చచ్చిన ఎలకని పట్టినట్టు రెండు వేళ్ళతో పట్టి చెత్తబుట్టలో వేసింది. మోచేతుల దాకా సబ్బు రుద్దుకుంది. పరామర్శకి వచ్చినవాళ్ళు ఆమడ దూరంలో నిలబడి, తాము తెచ్చిన బిస్కెట్లు తామే తింటూ, ఎవరెవరు ఎలా పోయారో చెప్పుకున్నారు. ఒకావిడ వేలు చీకి, ఆ వేలుతోనే పాప బుగ్గ గిల్లింది.

పిల్లని ఎత్తుకోనివ్వకపోతే ఆ మందులన్నీ ఎవరికోసం మింగాలో ఆమెకి తోచలేదు.

"అక్కయ్య అంటోంది కదా... పిల్లకి అంటుకుంటే?" అన్నాడు మొగుడు, గోళ్ళు గిల్లుకుంటూ, గోడతో.

"అంటుకునేదైతే ముందు మీకే అంటుకోవాలి. పిల్లనివ్వండి."

అతను చెవుల దాకా ఎర్రబడి, పిల్లని తెచ్చిచ్చాడు. గుక్కపట్టి ఏడుస్తున్నది తల్లి భుజమ్మీద టక్కున ఊరుకుంది. ఉయ్యాలలో వెయ్యబోతే మళ్ళీ ఆరున్నొక్క రాగం.

"చూశావా, అప్పుడే ఒంటికి మరిగింది!" గుమ్మంలోంచే అందుకుంది ఆడపడుచు. "రేపెవరు మోస్తారు తల్లీ? ఎవరి మాటా వినదు, అరిచి అరిచి ఇంటిల్లిపాది ప్రాణాలు తోడేస్తుంది!"

"అచ్చం మేనత్త పోలిక వదినా."