పెద్దింటి ముందు సైకిలు

పంక్చర్లు వేసే కొట్టు ముందు నుంచి పోతే ఆ జిగురు వాసన ఇప్పటికీ నన్ను పట్టి లాగుతుంది. కళ్లు మసకబారాయి గానీ నా ముక్కు మాత్రం దేన్నీ మరవదు. వాసన తగిలితే చాలు, కమలాపురంలో మా చర్చి వెనక, సైకిలు తలకిందులుగా నిలబెట్టి ట్యూబు రుద్దుకుంటూ కూర్చున్న సామేలు మామ కనిపిస్తాడు.

మామ అంటే చుట్టరికం కాదు, పక్కిల్లు. మొదటి జర్మనీ యుద్ధంలో కూలీల పటాలంతో సముద్రం దాటి అరబ్బుల బస్రా, ఫ్రాన్సు చూసివచ్చినవాడు. నేనప్పుడే మిషన్ ఆసుపత్రిలో కాన్పుల పని నేర్చుకుని ఇల్లు చేరాను. పల్లెలకు నడిచిపోయేసరికి సగం సార్లు ఏడుపులే ఎదురొచ్చేవి. అది చూడలేక మామ నాకు తన సైకిలు నేర్పాడు. ఎండిన చెరువులో, చీర కుచ్చిళ్లు బిగించి దోపుకుని నేర్చుకున్నాను. ఊరంతా కట్టమీద నిలబడి నవ్వింది. నవ్వితే నవ్వనీ, నాకేం పోయింది!

"ఫ్రాన్సులో మంత్రసాని దీనిమీదనే పోతాదమ్మా రూతూ. పాదిరీ, టపా మనిషీ, సంతకు పోయే ముసలమ్మా, అందరూ ఇంతే. ఎనక మోటారొస్తే ఓ పక్కకు జరుగుతారు. ఎవురూ దిగరు" అన్నాడు మామ.

"మరి బస్రాలో?" అన్నాను.

"ఆడ దొరలకు మోటార్లు, మిగతావాళ్లకు గాడిదలు. ఈడికంటే అదే మేలు. గాడిద దిగి నడువురా అని ఎవురూ అనరు."

ఆయన అక్కసుకు కారణముంది. పక్క పల్లె పెద్దాయనకు మోటారుండేది, మా చుట్టుపక్కల అదొక్కటే. ఆయన ఇంటిముందు మాబోటివాళ్లు చెప్పులు చేతబట్టుకుని నడవాలి. సైకిలైతే దిగి, వీధి చివరిదాకా తోసుకుపోవాలి. నేను పళ్లు కొరుక్కుంటూ దిగేదాన్ని. మామా దిగేవాడు.

మామ ఒక్కగానొక్క కూతురు మార్తమ్మను ఇచ్చింది ఆ పల్లె అవతలి ఊరికే. ఆమెకు నొప్పులొచ్చి బిడ్డ అడ్డం తిరిగిందని ఒకరోజు కబురొచ్చింది. మామ నన్ను వెనక క్యారియరు మీద కూర్చోబెట్టుకుని ఎండలో తొక్కాడు. పెద్దింటి వీధి మొదట్లో నేను దిగబోయాను.

"ఈ పొద్దు దిగేదిల్యా. గట్టిగా పట్టుకో" అన్నాడు.

సగం వీధిలో జీతగాళ్లు హ్యాండిలు పట్టి లాగేశారు. ఇద్దరం దుమ్ములో పడ్డాం. పెద్దాయన మోటారుకు ఆనుకుని, గొంతు కూడా పెంచకుండా అడిగాడు.

"ఏమప్పా సామేలూ, ఇది ఫ్రాన్సు అనుకుంటివా?"

"కాదు సామీ. నా బిడ్డ కాన్పు కష్టంగా ఉండాది. పోనీయండి."

"దిగి పోయింటే ఈ పాటికి చేరిందువు కదప్పా."

సైకిలు మామ నెత్తికెత్తి, పొద్దు వాలేదాకా నిలబడమన్నారు. నా సంచి విప్పి, కత్తెర, మందుసీసా ఒక్కొక్కటే తీసి చూసి, నవ్వుకుని, తీరిగ్గా చేతికిచ్చారు. పాపిష్ఠివాళ్లు! ఎదురుగా మోటారుంది. దానిలో ఆ ఊరెంతసేపు? నేను పరిగెత్తాను. పోయేసరికి మార్తమ్మ చెయ్యి ఇంకా వెచ్చగానే ఉంది. ఊపిరి లేదు, బిడ్డా దక్కలేదు.

చీకటి పడుతుండగా మామ వచ్చాడు. ఏడవలేదు. శవం పక్కన కూర్చుని నన్నొకటే అడిగాడు.

"నేను దిగింటే అందుకునేవాళ్లమా రూతూ?"

"నాకు తెలీదు మామా" అన్నాను. నిజంగా తెలీదు.

సైకిలు నాకిచ్చేశాడు. మళ్లీ ఎక్కలేదు, కడపకైనా నడిచే పోయేవాడు. ఎవరైనా ఫ్రాన్సు కబుర్లు చెప్పమంటే "యాడి ఫ్రాన్సప్పా" అనేవాడు. స్వతంత్రం వచ్చి ఊళ్లో జెండా ఎగరేసే రోజుకు ఆయన లేడు.

ఆ మోటారు తర్వాత కంపచెట్లలో తుప్పుపట్టింది. దిగమనేవాళ్లూ లేకపోయారు. అయినా కాన్పులకు పోయినన్నాళ్లూ ఆ వీధి మొదట్లో నా కాలు దానంతటదే నేలకు ఆనేది. దిగితే మామ పరువు తీసినట్లుండేది. దిగకపోతే మార్తమ్మ చెయ్యి గుర్తొచ్చేది. ఒక కాలు నేలమీద, ఒక కాలు పెడలు మీద పెట్టుకుని అక్కడే ఆగిపోయేదాన్ని. అవతల ఏ ఇంట్లోనో ఒక ఆడమనిషి నా కోసం కేకలు పెడుతూ ఉండేది.