ఇరవై రెండో అధికరణం, ఈరన్న మామ

రాజ్యాంగం చదివి బాగుపడినవాళ్ళు దేశంలో కోకొల్లలు. రాజ్యాంగం చదివి కుదరబోయే పెళ్ళికి నిప్పు పెట్టుకున్నవాణ్ణి నాకు తెలిసి నేనొక్కణ్ణే. ఆ ఘనకార్యం ఎలా జరిగిందో చెబుతాను. నవ్వేవాళ్ళు నవ్వుకోండి, పెళ్ళికాని కుర్రాళ్ళు మాత్రం కాస్త జాగ్రత్తగా వినండి.

అప్పట్లో నేను ఆంధ్ర సరిహద్దును ఆనుకుని ఉన్న కర్ణాటక ఊరు సిరుగుప్పలో మా నాయన ఎరువుల అంగడిలో కూర్చుంటూ సర్కారు ఉద్యోగానికి చదువుతుండేవాణ్ణి. పరీక్షకు రాజ్యాంగం తప్పనిసరి. బళ్ళారి బస్సులో పోయేటప్పుడు కన్నడ పుస్తకం, వచ్చేటప్పుడు ఆదోనిలో కొన్న తెలుగు పుస్తకం చదివేవాణ్ణి. ఎనిమిదో షెడ్యూలులో రెండు భాషలూ ఉన్నాయి కదా, ఎవరికీ అన్యాయం జరగకూడదు.

పీఠిక దాకా బాగానే ఉన్నాను. మూడో భాగం, అంటే ప్రాథమిక హక్కులు మొదలుకాగానే నాకు పూనకం వచ్చింది. తమ్ముడికంటే నాకు ఒక దోసె తక్కువ పడితే పద్నాలుగో అధికరణం, సమానత్వం. ఫోనులో ఎవరని నాయన అడిగితే ఇరవై ఒకటి, అందులో వ్యక్తిగత గోప్యత. బైకు కొనిస్తానన్న నాయన మాటను మాత్రం నాలుగో భాగంలోకి తోసేశాను. అవి ఆదేశిక సూత్రాలు. చూడ్డానికి చాలా గొప్పగా ఉంటాయి, అమలు చేయలేదని కోర్టుకు పోవడానికి మాత్రం వీల్లేదు.

ఒకరోజు అమ్మకు ఓపిక నశించింది. "హక్కులు సరే నాయనా, ప్రాథమిక విధులని గూడా ఉంటాయంట గదా. నీ పుస్తకంలో ఆ పేజీ చినిగిపోయిందా ఏంది?"

దీనికి తోడు నాకు అనుమానం జబ్బు. పాలాయన నవ్వితే నీళ్ళు కలిపాడనుకునేవాణ్ణి, నవ్వకపోతే ఇంకా ఎక్కువ కలిపాడనుకునేవాణ్ణి. ఆ రోజుల్లో ఊరు కూడా అలాగే ఉండేది. పోలీసు వేషంలో వీడియో కాల్ చేసి, "నిన్ను అరెస్టు చేశాం, గదిలోంచి కదలొద్దు" అని బెదిరించే దొంగల కథలు ప్రతి టీ అంగడిలోనూ వినబడేవి. వీధిలోకి కొత్త మనిషి వస్తే కుక్కలకంటే ముందు నేను లేచేవాణ్ణి.

సరిగ్గా అప్పుడే ఎమ్మిగనూరు నుంచి ఒక సంబంధం వచ్చింది. పిల్ల పేరు రేణుక. బళ్ళారిలో చదువుతోందన్నారు. ఏం చదువుతోందో నేను అడగలేదు, ఫోటో చూశాక అడగడానికి నోరు పెగల్లేదు. అంతకుముందు రెండు సంబంధాలు నా నోటి దురుసు వల్లే పోయాయి. ఈ పిల్లైనా నాకు దక్కాలని నిజంగా, మనసారా కోరుకున్నాను. "వాళ్ళింట్లో మేనమామ ఊ అంటేనే ఏదైనా. కొన్నాళ్ళు నోరు మూసుకోని ఉండు" అని అమ్మ మరీ మరీ చెప్పింది.

ఉన్నాను. మంచి ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం దాకా ఉన్నాను.

ఆ మధ్యాహ్నం ఇంట్లో నేనొక్కణ్ణే. ఎదురుగా కటింగ్ షాపు నడిపే బసప్ప పరుగున వచ్చాడు.

"మంజూ, ఆ తెల్లపంచె పెద్దాయన నీ గురించే అడుగుతాండాడప్పా. తాగుతాడా, పేకాడతాడా, రాత్రి ఎన్ని గంటలకు ఇల్లు చేరతాడు, ఇల్లు సొంతమేనా అని."

మీకు ఇప్పటికే అర్థమై ఉంటుంది. నాకు కాలేదు. చదువుకున్నవాణ్ణి కదా. వెళ్ళి పెద్దాయన ముందు నిలబడ్డాను.

"ఏంది పెద్దాయనా, యాడ్నుంచి వచ్చినారు?"

"ఈడేలేప్పా. ఊరికే పోతాంటి."

"ఊరికే పోయేటోళ్ళకు మా ఇల్లు సొంతమో బాడుగో ఎందుకు?"

"మాటల్లో మాట వచ్చింది."

"మీ పేరు?"

"పేర్లో ఏముండాదిలేప్పా."

గుమ్మడికాయల దొంగ అనగానే దొంగ భుజాలు తడుముకుంటాడంటారు. ఈయన తడుముకోలేదు. అంటే ఆరితేరిన దొంగన్నమాట! ఎండగా ఉంది, లోపల మాట్లాడుకుందామని మర్యాదగా మా ఇంట్లోకి తీసుకొచ్చి తలుపుకు లోపలినుంచి తాళం వేశాను. కుర్చీ వేశాను, ఫ్యాను వేశాను, చల్లటి మజ్జిగ తెచ్చాను.

"వద్దప్పా. నేను ఈ ఇంట్లో ఏమీ ముట్టకూడదు" అన్నాడాయన.

మండుటెండలో సిరుగుప్పకు వచ్చి మజ్జిగ వద్దన్నవాడు మంచివాడెలా అవుతాడు? గొంతు సవరించుకున్నాను.

"చూడండి, ఇరవై రెండో అధికరణం ప్రకారం మిమ్మల్ని ఎందుకు పట్టుకున్నానో చెప్పాల్సిన బాధ్యత నాది. మా ఇంటి గుట్టు అడుగుతాండారు కాబట్టి పట్టుకున్నా. ఇరవై నాలుగు గంటల్లోపల మేజిస్ట్రేటు ముందర నిలబెడతా. ఇరవయ్యో అధికరణం ప్రకారం మీకు వ్యతిరేకంగా మీరే సాక్ష్యం చెప్పాల్సిన పని లేదు. కాబట్టి గమ్మునుండచ్చు."

"గమ్మునే గదప్పా ఉండేది."

"మీకిష్టమైన వకీలుతో మాట్లాడుకోవచ్చు."

ఆయన ముఖం మొదటిసారి వెలిగింది. "వకీలంటే... ఇంకా చదువుతాండే పిల్లైతే నడుస్తాదా?"

"నడుస్తాది. స్పీకర్ పెట్టండి."

ఆయన ఫోను కలిపాడు. "అమ్మా, నేను. పోయినచోట ఇరుక్కుంటి. ఒక పిల్లోడు లోపలేసి తాళం పెట్టినాడు. వకీలుతో మాట్లాడుకోమంటాండాడు."

"తాళం పెట్టినారా! ఎవురు మామా, పోలీసులా?" అంది అవతల ఆడపిల్ల గొంతు.

నేను కలగజేసుకున్నాను. "మేడమ్, అంతా రాజ్యాంగం ప్రకారమే జరుగుతాండాది. కారణం చెప్పినా, వకీలును ఇచ్చినా."

"మీరు పోలీసా?"

"కాదు."

"తహశీల్దారా?"

"కాదు."

"మరి మీరేమన్నా సర్కారా?"

"భారత పౌరుణ్ణి" అన్నాను, ఛాతీ విరుచుకుని.

"ఆ అధికరణం సర్కారు చేతులు కట్టేసేదానికండీ రాసినారు. జనాలు ఒకర్నొకరు గదుల్లో వేసి తాళాలు పెట్టుకునేదానికి కాదు. మీరు చేసింది అరెస్టు కాదు, అక్రమ నిర్బంధం. నేరం. ముందు మీ పేరు చెప్పండి."

ఎదురుగా ఉన్న మజ్జిగ నేనే తాగేశాను.

"చెప్పను. ఇరవయ్యో అధికరణం. నాకు వ్యతిరేకంగా నేనే..."

"పేరు మంజునాథమ్మా" అన్నాడు పెద్దాయన తాపీగా. "సిరుగుప్ప, ఎరువుల అంగడోళ్ళ పిల్లోడు."

అటువైపు ఏదో లావుపాటి పుస్తకం కింద పడిన చప్పుడైంది.

"మామా, నువ్వు విచారించేదానికి పోయిన పిల్లోడేనా?"

"ఆ పిల్లోడేనమ్మా. ఫోటోలో కంటే మనిషి కొంచెం నలుపు."

మా వైపు ఇదొక ఆచారం. సంబంధం ఖాయం చేసేముందు పిల్లవైపు పెద్దమనిషి ఒకడు పేరూ ఊరూ చెప్పకుండా వచ్చి వీధిలో ఆరా తీస్తాడు. మాట కుదిరేదాకా పిల్లోడి ఇంట్లో నీళ్ళు కూడా ముట్టడు. అలా వచ్చిన రేణుక మేనమామ ఈరన్నను, ఊ అనాల్సిన ఆ ఒక్క మనిషిని, నేను తాళం వేసి కూర్చోబెట్టాను. ఫోనులో ఉన్నది రేణుక. చదువుతున్నది వకీలు చదువు.

గబగబా తాళం తీశాను. "క్షమించండి మామా" అన్నాను. ఈరన్న మామ తువ్వాలు దులుపుకుని బస్టాండు వైపు వెళ్ళిపోయాడు. సాయంత్రం సంగతి విన్న నాయన, "కుక్క పని గాడిద చేసినట్టుండాది" అని అంగడికి వెళ్ళిపోయాడు. అమ్మ ఏడ్చింది. నాకూ ఏడుపొచ్చింది. ఫోటో తిరిగి పంపించేయమంటారని ప్రతి ఫోను మోతకూ ఉలిక్కిపడ్డాను.

వారం తిరక్కుండా పెళ్ళిచూపులకు రమ్మని కబురొచ్చింది. పిలిచి మరీ తంతారని నా అనుమానం. ఎమ్మిగనూరులో వాళ్ళ నడింట్లో, తలుపుకు దగ్గరగా ఉన్న కుర్చీ చూసుకుని కూర్చున్నాను.

ఈరన్న మామ అందరి ముందూ తన విచారణ ఫలితాన్ని తీర్పు చదివినట్టు చెప్పాడు. "తాగడు. పేకాడడు. అనుమానం మాత్రం జాస్తి. కానీ దొంగ అనుకున్నోడికి గూడా కుర్చీ ఇచ్చినాడు, ఫ్యాను వేసినాడు, వకీలుతో మాట్లాడుకోమన్నాడు. మా ఊర్లో అల్లుళ్ళకు గూడా ఇన్ని మర్యాదలు జరగవు. నేను ఊ అంటాండా. ఇంక పిల్ల ఇష్టం."

రేణుక నన్ను చూడలేదు, నేరుగా మా అమ్మను అడిగింది.

"అత్తమ్మా, రాజ్యాంగానికి సవరణలు చేసుకోవచ్చు గానీ దాని మౌలిక స్వరూపం మార్చకూడదు. ఈ అనుమానం మీ అబ్బాయికి సవరించుకునేదా, మౌలికమా?"

అబద్ధం చెప్పమ్మా అని కళ్ళతో వేడుకున్నాను.

"పుట్టిన మర్నాడే నర్సమ్మను అనుమానంగా చూసినాడు తల్లీ. మౌలికమే" అంది మా అమ్మ.

అయిపోయింది. లేచి చెప్పులు ఎక్కడున్నాయా అని చూశాను. రేణుక పమిట అడ్డం పెట్టుకుని నవ్వుతోంది.

"అయితే ఈ కేసు నేనే తీసుకుంటా అత్తమ్మా."

తీసుకుంది. వాయిదాల మీద వాయిదాలు పడుతూ ఇప్పటికీ నడుస్తోంది. పెళ్ళైన మర్నాడు మూడో షెడ్యూలు తెరిచి, మంత్రులు చేసే ప్రమాణాన్ని కాస్త మార్చి నాచేత చేయించింది. మీ అందరి సాక్షిగా మళ్ళీ చేస్తున్నాను:

"మంజునాథ అనే నేను, మా ఇంటి ముందు ఎవరు నిలబడి ఏమి అడిగినా, భయం గానీ పక్షపాతం గానీ రాగద్వేషాలు గానీ లేకుండా, తలుపులు బార్లా తెరిచిపెట్టి, మామా అని పిలిచిన తర్వాతే అనుమానిస్తానని దైవసాక్షిగా ప్రమాణం చేస్తున్నాను."