నాలుగో మనిషికి ఆధారం లేదు

ముందే ఒప్పేసుకుంటున్నాను, నేను కోతలు కోస్తాను. మా ఇంటికి పదకొండు మెట్లుంటే నూటపది అని చెబుతాను, ఎక్కి వచ్చినవాళ్లతో కూడా. కాబట్టి దీన్ని కాస్త తరుగు తీసి చదువుకోండి. ఇందులో నిజంగా అబద్ధమేదో చివర్లో నేనే చెబుతాను.

ఫిలింనగర్‌లో నా పని హాస్యం డైలాగులు రాయడం. టైటిల్సులో నా పేరు ఇంతవరకూ పడలేదు. ఖాళీ దొరికితే నిర్మాతల ఆఫీసులకు ప్రెస్ నోట్లు రాస్తాను. అంటే మా సినిమాను మేమే పొగుడుకుని పత్రికలకు పంపుతాం, వాళ్లు కామా కూడా కదపకుండా వార్తగా వేస్తారు.

నాకున్న వ్యసనం యుద్ధనౌకలు. ఎవరైనా దిద్దగలిగే ఆన్‌లైన్ ఇంగ్లీషు విజ్ఞాన సర్వస్వంలో యుద్ధనౌకల పేజీలకు నేను కాపలా. నేను ఎక్కిన అతి పెద్ద ఓడ హుస్సేన్‌సాగర్ లాంచీ అన్నది వేరే సంగతి. ఒక ఓడ బరువు మీద ఊరూ పేరూ తెలియని ఒక పెద్దమనిషితో రెండేళ్లు కొట్లాడాను. మా పెళ్లి మాటలు కూడా అంతకాలం సాగలేదు. నేనేం రాసినా ఆయన ఒకటే అనేవాడు: "నమ్మదగిన ఆధారం చూపండి." చివరికి ఆ జబ్బు నాకూ అంటుకుంది. ఎవరైనా వచ్చి "మా నాన్న చెప్పేవాడు" అని ఒక వాక్యం చేరిస్తే, టీ చల్లారేలోగా తుడిచేసేవాణ్ణి.

పోయినేడాది జూబ్లీహిల్స్‌లో ఒక స్టూడియో ఫ్లోరులో సముద్రయుద్ధం సినిమా తీస్తున్నారు. ప్లైవుడ్డూ థర్మకోలూ కలిపి ఓడ కట్టారు. తెల్ల యూనిఫారంలో సెల్యూట్ కొట్టే జూనియర్ ఆర్టిస్టుల్లో రహమత్ నగర్ నుంచి వచ్చే పెద్దాయన ఒకడు. షాటు గ్యాపులో నేను ఫోన్లో నా కొట్లాట ఓడ పేజీ దిద్దుకుంటుంటే వెనక నుంచి తొంగిచూశాడు.

"రైటర్ సాబ్, గిది మా ఓడ గదా!"

వయసులో ఉన్నప్పుడు ఆ ఓడ బాయిలర్ గదిలో పనిచేశాడట. జర తెలుగులో చదివి చెప్పమన్నాడు. "ఆవిరి గొట్టం పగిలి ముగ్గురు నావికులు మరణించారు" అన్న వాక్యం దగ్గర ఆపాడు.

"ముగ్గురేంది? నలుగురు."

"పుస్తకంలో ముగ్గురనే ఉంది బాబాయ్."

"ముగ్గురు గాడికి గాడనే పోయిండ్రు. నాలుగోటోడు నా దోస్తు. దవాఖానల పన్నెండు దినాలు కొట్టుకొని పోయిండు. శవం పెట్టె నేనే తీస్కపోయి వాళ్లమ్మకు అప్పజెప్పిన."

"అచ్చులో ఎక్కడన్నా వచ్చిందా?"

ఆయన చొక్కా చెయ్యి పైకి లాగాడు. మోచేయి నుంచి మణికట్టు దాకా చర్మం కాగిన పాల మీద మీగడలా ముడతలు పడి ఉంది.

"గిది సాలదా?"

"చాలదు బాబాయ్. అచ్చయి ఉండాలి."

"అయితే నన్నే ప్రెస్సుల ఏసి ఒత్తున్రి."

ఇద్దరం నవ్వాం. నవ్వు ఆయనకు దగ్గులోకి దిగి, మేకప్ చెదిరేదాకా ఆగలేదు. ఊపిరితిత్తుల జబ్బట. తేరుకున్నాక గొంతు తగ్గించి చెప్పాడు.

"వాని చెల్లె బోరబండల ఉంటది. మన్మరాలు గీ పేజీ ఫోన్ల సూపిచ్చిందంట. 'అన్నా, మా అన్న ఓడల పోలేదా? మరి నువ్ తెచ్చిన పెట్టెల ఎవలున్నరు?' అని అడుగుతాంది. నేనేం జెప్పాలె? నేను బతికుండంగనే జర రాయి సాబ్."

రాయడానికి ఆధారం కావాలి కదా. అదే వారం ఆ సినిమాకు ప్రెస్ నోటు రాసే పని నా చేతికొచ్చింది. "నలుగురు నావికులను బలిగొన్న యథార్థ ఘటన స్ఫూర్తితో" అని మొదలుపెట్టాను. అంతటితో ఆపితే బాగుండేది. చెయ్యి ఊరుకోదు కదా. సెట్టు అసలు ఓడకన్నా బరువైనదనీ, అలల కోసం విశాఖ నుంచి వంద ట్యాంకర్ల ఉప్పునీళ్లు తెప్పించారనీ రాసి పంపాను. ఒక పత్రిక మొత్తం వేసింది. పొద్దున్నే ఆ వార్తను ఆధారంగా చూపించి, పేజీలో ముగ్గురిని నలుగురు చేశాను.

మధ్యాహ్నం రహమత్ నగర్ వెళ్లాను. పెద్దాయన మంచం మీద ఉన్నాడు. ఫోను దగ్గరగా పెట్టి చదివాను. మళ్లీ చదవమన్నాడు. మూడోసారి కళ్లు మూసుకుని విని, "గిప్పుడు చెల్లెకు ఫోన్ జేస్త" అన్నాడు.

సాయంత్రానికి నా పాత ప్రత్యర్థి వచ్చి తుడిచేశాడు. ఆయనకు తెలుగు చదవడం వచ్చని అప్పుడే తెలిసింది. "చెక్కతో కట్టిన సెట్టు ఉక్కు ఓడకన్నా బరువని రాసిన వార్త ఇది. దీనికి ఓడ బరువే తెలియదు, చచ్చిపోయినవాళ్ల లెక్క తెలుస్తుందా?" అని రాశాడు. రెండేళ్లలో ఆయన మాట్లాడిన అతి న్యాయమైన మాట అదే. ఆ వార్త రాసింది నేనేనని చెబితే ఇంకా మునుగుతాను. చెప్పకుండా వాదించాను, జవాబు మీద జవాబు. పద్దెనిమిది దాకా లెక్కపెట్టాను.

నాలుగు రోజులకు పెద్దాయన పోయాడు.

అబద్ధమేదో చెబుతానన్నాను కదా. లాంచీ నిజం. కొట్లాట రెండేళ్లు కాదు, మూడు, అక్కడ తగ్గించాను. మీగడ కట్టిన ఆ చెయ్యి నిజం, నేను చాలదన్నదీ నిజం. నేను కల్పించింది ఆ మధ్యాహ్నాన్ని. రహమత్ నగర్ నేను వెళ్లలేదు. ఫిలింనగర్ నుంచి ఆటోలో ఎంతసేపని? పేజీని ఎవరూ ముట్టుకోకుండా చూడాలని ఫోను పట్టుకుని ఇంట్లోనే కూర్చున్నాను. నలుగురు అని ఉన్న ఆ ఒక్క పగటిపూటే పెద్దాయన రెండుసార్లు ఫోన్ చేశాడు. రెండుసార్లూ కట్ చేసి, "పనిలో ఉన్నాను బాబాయ్" అని మెసేజ్ పెట్టాను.

బోరబండ ఆవిడకు ఎవరైనా ఏమైనా చెప్పారో లేదో తెలియదు. పేజీలో ఇప్పుడు ముగ్గురే ఉన్నారు.